మేడమీది రెండో రౌటర్

గోసాని నువాగాంలో శ్యామసుందరరావు గారింట్లో ఆ ఉదయం ఉప్మా మాడింది. పద్మినమ్మ పొయ్యి దగ్గరే ఉంది గానీ ధ్యాస మేడమీదుంది. కోడలు వాసవీకుమారికి పదకొండింటికి డెమో క్లాసు. ఇంటినుంచే ఆన్‌లైన్లో పిల్లలకు లెక్కలు చెప్పే ఉద్యోగం. క్లాసు నచ్చితే ఇస్తారు, నచ్చకపోతే లేదు.

మేడగదికి నెట్ సరిగా అందదు. అందుకే మావగారు కోడలికి చెప్పకుండా కొత్త రౌటర్ కొన్నారు. రైల్వే సిగ్నళ్లలో పనిచేసి రిటైరైన మనిషి, వైరు కనబడితే ఊరుకుంటారా? హాల్లో ఉన్న పాత రౌటర్ నుంచి మెట్లవెంట కేబుల్ లాగి మేడమీద కలిపారు. తోడుగా పెట్టే యంత్రం మొదటిదానికి అచ్చు నకలుగా ఉండాలన్నది ఆయన ఉద్యోగం నేర్పిన సూత్రం. అందుకని పాతదాని సెట్టింగుల్లో ఉన్న నంబర్లన్నీ కొత్తదాంట్లో కొట్టారు. వాసవి స్నానానికి వెళ్లినప్పుడు బీరువా వెనక ప్లగ్గు పెట్టి, మీసం దువ్వుకుంటూ కిందికి దిగారు.

కాసేపట్లో క్లాసనగా ఇల్లంతా నెట్ పోయింది. ఫోన్ డేటా వీడియో క్లాసుకు చాలదు.

"అత్తయ్యా, మళ్లీ స్విచ్ ఆపేసారేటి?" వాసవి మెట్లమీంచే అడిగింది. ఇల్లు తుడిచేటప్పుడు కనబడిన స్విచ్చల్లా ఆపేసే అలవాటు పద్మినమ్మకు ఉన్నమాట నిజమే.

"నేను ముట్టుకోనేదమ్మా."

"ఎప్పుడూ అదే మాట. నాకు ఉద్యోగం రావడం ఇష్టం లేదని సెప్పేయండి, గొడవొదిలిపోద్ది."

పద్మినమ్మ భర్తవైపు చూసింది. తాను ప్లగ్గు పెట్టాకే నెట్ పోయిందని ఆయనకు అప్పటికే అర్థమైంది. ఇప్పుడు మేడెక్కి దాన్ని తీస్తే కోడలికి తెలిసిపోతుంది. కానీ కోడలి ముందు 'నాకు చేతకాలేదు' అనడానికి నోరు రాలేదు.

"ఎన్నిసార్లు సెప్పాను, దాని జోలికెల్లకని" అన్నారు భార్యతో.

ఛీ, అనాల్సిన మాటేనా అది?

పద్మినమ్మ చేతిలో గుడ్డ అక్కడే పడేసి పక్కింటి కాసులమ్మ దగ్గరికి వెళ్లింది. మురుగుకాలవ తగువైనప్పటినుంచి ఆ రెండిళ్లకు మాటల్లేవు. "మా కోడలికి పరీక్షలాంటిదమ్మా. ఈ ఒక్కపూట మీ నెట్ వాడుకోనియ్యండి. ఆ తగువులో తప్పు నాదే అనుకోండి." గోడ ఇవతల శ్యామసుందరరావు గారికి ప్రతి మాటా వినబడింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయారు.

క్లాసు కాసులమ్మ వరండాలోనే జరిగింది. వాసవి తిరిగొచ్చేసరికి మావగారు రౌటర్ ఒళ్లో పెట్టుకుని మెట్లమీద కూర్చున్నారు.

"ఇది నేను పెట్టిందమ్మా. దీనివల్లే పోయింది. మీ అత్తేటీ సేయనేదు. తెలిసీ దాన్నే తిట్టాను."

వాసవి దాన్ని తీసుకుని, ప్లగ్గు పెట్టి, తన ఫోన్‌కు కలిపి చూసింది. "రెండిటికీ ఒకే నంబరిచ్చేసారు మావయ్యా. పెత్తనం నాదంటే నాదని రెండూ కొట్టుకున్నాయి. దీనికి వేరే నంబరిచ్చి, ఫోన్లకీ కంప్యూటర్లకీ అడ్రసులు పంచే పని పాతదానికే వదిలేయాలి. అంతే." రౌటర్ పక్కన పెట్టేసింది. "ఇంతోటిదానికి అత్తయ్యని ఎంత మాటన్నాను."

వంటింట్లోకి వెళ్లి అత్తగారి చేతులు పట్టుకుంది. ఏడ్చేసింది.

"ముందు ఇది సెప్పు, ఉద్యోగం ఇచ్చారా?"

"సోమవారం నుంచి మొదలెట్టమన్నారత్తయ్యా."

పద్మినమ్మ కోడల్ని దగ్గరికి తీసుకుంది. గుమ్మంలో నిలబడ్డ భర్తను చూసేసరికి మాత్రం ముఖం మారింది.

"దానికి తెలీదు, అనేసింది. మీకు తెలుసు గదా నేను కాదని. తెలిసీ అన్నారు."

ఆయన గుమ్మం పట్టుకుని, పెద్దమనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. పద్మినమ్మ చూసి చూసి, దగ్గరికెళ్లి కొంగుతో ఆయన కళ్లు తుడిచింది.

"ఇంక సాలు. కోడలు సూస్తంది."

"సూడనీ" అన్నారాయన.