గీత దాటని తమ్ముడు

"నాయనా, ఇదంతా నీళ్ళేనా? అవతలి గట్టు యాడుండాది?"

ప్రేమజ్యోతి మునివేళ్ళ మీద లేచి చూసింది. ఎంత లేచినా నీళ్ళే కనపడుతున్నాయి.

"గట్టు లేదు మే. ఉండేదంతా నీళ్ళే" అన్నాడు వాళ్ళ నాయన ప్రకాశం. "మన ఊర్లో బిందెడు నీళ్ళకు కొట్లాడతాం. ఈడ చూడు, ఇన్ని నీళ్ళుంటే ఒక్కరూ బిందె తేలేదు."

"ఉప్పునీళ్ళు తోడుకోని ఏం చేస్తావు? పప్పులోకి పోసుకుంటావా?" అంది అమ్మ. అందరూ నవ్వారు. నాలుగేళ్ళ తమ్ముడు యేసుప్రసాద్‌కు ఏమీ అర్థం కాకపోయినా అందరికంటే గట్టిగా నవ్వాడు.

దసరా సెలవులకు వాళ్ళు ఆదోని దగ్గరి పల్లె నుంచి చెన్నైలో ఉన్న మామ ఇంటికి వచ్చారు. ఆ మధ్యాహ్నం బస్సెక్కి మెరీనా బీచ్ చూడడానికి వచ్చారు. మేకలను చూసుకోవాలి కాబట్టి అవ్వ ఊళ్ళోనే ఉండిపోయింది.

ఇసుకలో నడిచీ నడిచీ అమ్మకు కాళ్ళు నొప్పి పుట్టాయి. ఒకచోట దుప్పటి పరిచి కూర్చుంది. నాయన ఉడకబెట్టిన శనగలు కొనుక్కొస్తానని దుకాణాల వైపు వెళ్ళాడు.

"నాకు కనపడేకాడనే ఆడుకోండి" అంది అమ్మ. "తమ్ముడి చెయ్యి మాత్రం వదలొద్దు మే జ్యోతీ. ఇన్నావా?"

"ఇన్నాను మా."

ఇద్దరూ తడి ఇసుక దాకా వెళ్ళారు. ప్రసాదు కాళ్ళకు కొత్త నీలం చెప్పులున్నాయి. విప్పమంటే విప్పలేదు. అల నురగతో వచ్చి వెనక్కి పోతుంటే వాడు "పో, పో!" అని దాన్ని అదిలించాడు, ఊళ్ళో కోళ్ళను అదిలించినట్టు.

అంతలో ఒక గుర్రం వచ్చింది. దాని మెడలో గంటలు, తలపైన ఎర్రని కుచ్చు ఉన్నాయి. జ్యోతి వయసు అమ్మాయి ఒకతె దాని మీద రాణిలాగా కూర్చుంది. గుర్రం కాస్త దూరంలో ఆగింది. పిల్లలంతా దాని చుట్టూ మూగారు.

"రారా, గుర్రాన్ని ముట్టుకుందాం" అంది జ్యోతి.

"నేను రాను. కరుస్తుంది."

"గుర్రం కరవదు రా!"

"కరుస్తుంది!" ప్రసాదు అక్కడే పాతుకుపోయాడు.

జ్యోతి గుర్రం వైపు చూసింది. తమ్ముడి వైపు చూసింది. అప్పుడు ఆమెకు అవ్వ గుర్తొచ్చింది.

ఊళ్ళో అవ్వ మేకలను కుంటకు తోలుకుపోయేటప్పుడు పిల్లలు కూడా వెంట పోతారు. అవ్వ కర్రతో నీళ్ళకు రెండడుగుల ఇవతల గీత గీస్తుంది. "ఇది దాటితే కాళ్ళిరగ్గొడతా" అంటుంది. ఆ గీత ఎవరూ దాటరు. జ్యోతి నడక వచ్చిన నాటి నుంచి ఆ గీత ఇవతలే ఆడుకుంది. ఏనాడూ ఏమీ కాలేదు.

జ్యోతి ఒక ఆల్చిప్ప తీసుకుని, తడి ఇసుకకు రెండడుగుల ఇవతల పొడుగ్గా గీత గీసింది.

"ఇది అవ్వ గీత. దీనెనక కూచ్చో. నేనొచ్చేదాకా దాటొద్దు."

ప్రసాదు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వంగి గీతను పరిశీలనగా చూశాడు.

"నేను దాటను. నీళ్ళు దాటితే?"

జ్యోతికి నవ్వొచ్చింది. "నీళ్ళు యాడన్నా గీత దాటుతాయా రా? కుంటలో ఎప్పుడన్నా దాటినాయా?"

ప్రసాదు ఆలోచించాడు. లేదన్నట్టు తల ఊపాడు.

జ్యోతి పరుగెత్తింది.

గుర్రం మెడ వెచ్చగా ఉంది. జూలు గరుగ్గా ఉంది. జ్యోతి ఒకసారి నిమిరింది, రెండోసారి నిమిరింది. మూడోసారి చెయ్యి చాపేలోపు వెనక నుంచి కేక వినపడింది.

తిరిగి చూస్తే గీత లేదు. తమ్ముడూ లేడు. అంతా తెల్లని నురగ.

ఆ నురగలోకి ఒక మనిషి ఉరికింది. మామిడికాయ ముక్కలు అమ్ముకునే ఆమె. గంప పక్కన పారేసి, ప్రసాదు చొక్కా పట్టుకుని పైకి లాగింది. వాడి నోట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. దగ్గాడు. ఇంకా దగ్గాడు. తర్వాత గట్టిగా ఏడ్చాడు. ఒక కాలికి చెప్పు ఉంది. ఇంకో కాలు బోసిగా ఉంది.

అమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆమె ముఖంలో రక్తం లేదు.

"ఏమాయె? చెయ్యి ఎందుకు వదిలితివి? వదలొద్దని చెప్పినా కదా?"

అమ్మ అంత కోపంగా చూడడం ఆమె ఎన్నడూ ఎరగదు.

"నేను గీత గీసి కూర్చోబెట్టినా మా. వాడే దాటినాడు."

ఆ మాట ఎలా వచ్చిందో జ్యోతికే తెలియదు. వచ్చేసింది.

అమ్మ ప్రసాదు వీపు మీద ఒక్కటి వేసింది. "అక్క చెప్తే ఇనవా? ఇనవా నువ్వు?"

"గీత దాటలేదు మా" అన్నాడు వాడు ఏడుస్తూనే.

"మళ్ళా అబద్ధమా?" ఇంకొక దెబ్బ వేసింది. వేసిన వెంటనే వాణ్ణి గుండెకు హత్తుకుని తానూ ఏడ్చింది.

మామిడికాయల ఆమె అరవంలో గబగబా ఏదో చెబుతోంది. వాడు కూర్చున్న చోటును చూపించింది. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి కదలకుండా కూర్చున్నట్టు చేసింది. తర్వాత అరచేతిని ఇసుక మీదుగా పైకి జరిపింది, నీళ్ళు వచ్చినట్టు. అమ్మకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆమెకు చేతులెత్తి దండం పెట్టింది.

జ్యోతికి మాత్రం అంతా అర్థమైంది. ఆమె తల వంచుకుంది.

అప్పటికి శనగల పొట్లాలతో నాయన వచ్చాడు. ఆ శనగలు ఎవరూ తినలేదు.

*

ఊరికి వచ్చాక కూడా ప్రసాదు ఆ మాట మరచిపోలేదు. నీళ్ళ ట్యాంకు దగ్గర ఆడవాళ్ళకు చెప్పాడు, "నేను గీత దాటలేదు." అవ్వ మేకలకు చెప్పాడు. వాడికి ఇష్టమైన తెల్లచెవి మేకపిల్లను ఒడిలో పెట్టుకుని, దాని చెవిలో కూడా చెప్పాడు.

వాళ్ళ ఇంట్లో రోజూ సాయంత్రం అన్నానికి ముందు అందరూ చాప మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటారు. చిన్నవాళ్ళతో మొదలుపెట్టి ఒక్కొక్కరు. చివర అవ్వ విశ్వాసమ్మ ముగిస్తుంది.

"ప్రసాదూ, అక్క మాట ఇనలేదు, క్షమించు అని దేవునికి చెప్పు" అంది ఒక సాయంత్రం అమ్మ.

వాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "ప్రభువా, నేను గీత దాటలేదు. ఆమెన్."

నాయనకు నవ్వు వచ్చింది కానీ ఆపుకున్నాడు. అమ్మకు మాత్రం నవ్వు రాలేదు.

"దేవుని ముందర కూడా అబద్ధమేనా? దాటినానని ఒప్పుకునేదాకా నువ్వు అవ్వ ఎంట కుంటకు పోయేది లేదు."

తర్వాత జ్యోతి వంతు. రోజూ చేసే ప్రార్థననే గబగబా చేసేసింది. వానలు, చేను, మేకలు, పరీక్షలు, ఆమెన్. కళ్ళు తెరిచేసరికి తమ్ముడు తనవైపే చూస్తున్నాడు.

మరునాడు అవ్వ మేకలను తోలుకుని బయలుదేరింది. ప్రసాదు గడప ఇవతల కూర్చుని చూస్తున్నాడు. తెల్లచెవి రెండుసార్లు వెనక్కి తిరిగి అరిచింది. వాడు లేవలేదు. గడప కూడా దాటలేదు.

ఆ సాయంత్రం ప్రార్థనలో జ్యోతి మనసులోనే దేవునికి చెప్పుకుంది. "అబద్ధం చెప్పింది నేనే. నన్ను క్షమించు." ఆమెకు కాస్త తేలికైనట్టు అనిపించింది. అన్నం కూడా బాగా తిన్నది.

కానీ తెల్లారితే తమ్ముడు మళ్ళీ గడప దగ్గరే ఉన్నాడు. దేవునికి తెలిసినా, అమ్మకు తెలియలేదు కదా. తమ్ముడి శిక్ష తమ్ముడికి అలాగే ఉంది. మరి క్షమాపణ ఎవరికి అందినట్టు? జ్యోతికి ఆ తేలికదనం నిలవలేదు.

ఆమె వాడి పక్కన కూర్చుని తన దగ్గరున్న బెల్లం ముక్క ఇచ్చింది. వాడు తీసుకున్నాడు. కొంచెం కొరికి, మెల్లగా అడిగాడు.

"అక్కా, నేను గీత దాటినానా?"

జ్యోతి చేతికంటిన బెల్లం దులుపుకుంది.

"నాకు గుర్తు లేదు. నువ్వు చూసినావు కదా?"

జ్యోతి లేచి, పని ఉన్నట్టు ఇంట్లోకి వెళ్ళిపోయింది. లోపల ఏ పనీ లేదు. గోడకు ఆనుకుని నిలబడింది.

మూడో సాయంత్రం. చాప వేశారు. ప్రసాదు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించాడు. ఈసారి ఎవరూ చెప్పకముందే మొదలుపెట్టాడు.

"ప్రభువా, నేను గీత దాటినానంట. క్షమించు. నన్ను తెల్లచెవితో పోనీ. ఆమెన్."

"ఇప్పుడు మంచోడివి" అంది అమ్మ. వాడి తల నిమిరింది. "రేపటి నుంచి పో."

జ్యోతి వంతు వచ్చింది. ఆమె చేతులు జోడించింది. వానలు అనబోయింది. గొంతులోంచి వేరే మాట వచ్చింది.

"వాడు దాటలేదు."

అమ్మ కళ్ళు తెరిచింది.

"వాడు దాటలేదు మా. గీత ఎనకనే కూర్చోనుండె. నీళ్ళే వచ్చినాయి. నేను గుర్రం కాడికి పోయింటి. నువ్వు కొడతావని వాని మీద చెప్పినా." మిగతా మాటలు ఏడుపులో కలిసిపోయాయి.

అమ్మ లేస్తుందనీ, కొడుతుందనీ జ్యోతి అనుకుంది. అమ్మ లేవలేదు. ప్రసాదును ఒడిలోకి తీసుకుంది. వాడి చొక్కా పైకెత్తి, ఆనాడు కొట్టిన చోట అరచేత్తో నిమిరింది. అక్కడ గుర్తేమీ లేదు. అయినా చాలాసేపు నిమిరింది.

"వీడు అన్ని మార్లు చెప్పె. నేను ఒక్క మారన్నా ఇనకపోతిని" అంది. ఆ మాట ఎవరితో అన్నదో తెలియలేదు.

నాయన దగ్గాడు. "ఆ మామిడికాయలామె చెప్పిందీ అదేనేమో" అన్నాడు. అమ్మ తల ఊపింది.

"మా, అయితే నేను దాటలేదా?" అన్నాడు ప్రసాదు.

"దాటలేదు నాయనా. నువ్వు దాటలేదు."

"నేను చెప్పినా కదా!" వాడి ముఖం వెలిగిపోయింది. అంతలోనే ఏదో గుర్తొచ్చింది. జ్యోతి వైపు చూసి ముఖం తిప్పుకున్నాడు.

అవ్వ జ్యోతిని దగ్గరికి పిలిచి కన్నీళ్ళు తుడిచింది.

"గీత గీసేది నా కాడ్నే నేర్చుకుంటివి మే. నాదీ తప్పుండాది. కుంట నీళ్ళు ఉండేకాడ ఉంటాయి. సముద్రం అట్ల ఉండదని నాకూ తెలీదు, నేనెప్పుడు చూస్తిని? అయితే ఒక్క మాట చెప్పు. గీత గీసి నేను ఎప్పుడన్నా యాడికన్నా పోయినానా?"

జ్యోతి ఆలోచించింది. గీత గీశాక అవ్వ ఏం చేస్తుంది? తువ్వాలు పరుచుకుని గీత పక్కనే కూర్చుంటుంది. ఎండ మారినా కదలదు. మేకలు దూరం పోతే కూర్చున్న చోటి నుంచే కేక వేస్తుంది. ఇన్నేళ్ళూ జ్యోతి గీతనే చూసింది. పక్కన కూర్చున్న అవ్వను చూడలేదు.

"లేదవ్వా" అంది చిన్నగా.

*

మరునాడు మేకలు కుంటకు బయలుదేరాయి. తెల్లచెవి ముందు, దాని వెనక ప్రసాదు. వాడి పాత చెప్పులు టపటపమంటున్నాయి.

కుంటలో నీళ్ళు సగానికే ఉన్నాయి. గాలికి కూడా పెద్దగా కదలడం లేదు. అవ్వ కర్రతో గీత గీసింది. ఎప్పుడూ ఆ గీత దగ్గరే ఆడుకునే ప్రసాదు ఈరోజు దాని దరిదాపులకు రాలేదు. ఇరవై అడుగుల వెనక, తుమ్మచెట్టు దగ్గరికి అవ్వను లాక్కుపోయి, ఆమె చీర కొంగు పట్టుకుని నిలబడ్డాడు.

"రాప్పా, ఏం కాదులే" అంది అవ్వ.

"నీళ్ళు వస్తాయి."

"ఈ నీళ్ళు రావు."

"అక్క కూడా అట్లనే చెప్పింది."

జ్యోతికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. వెళ్ళి తమ్ముడి పక్కన నేల మీద కూర్చుంది.

కుంట అవతలి గట్టు నుంచి ఆమె క్లాసు ఉమామహేశ్ కేక వేశాడు. "జ్యోతీ! బిరీన రా! ఈడ తాబేలు ఉండాది! పెద్దది!"

జ్యోతి తాబేలును పుస్తకంలో తప్ప చూడలేదు. తల ఎత్తి చూసింది.

"రా మే, నీళ్ళలోకి పోతాండాది!"

ప్రసాదు ఆమె ముఖంలోకి చూస్తున్నాడు.

"నేను రాను" అని అరిచింది జ్యోతి. "తమ్ముడున్నాడు!"

"తోలుకోని రా!"

"వానికి భయం. నువ్వే చూడు!"

అవతల పిల్లలు కేరింతలు కొట్టారు. నీళ్ళలో బుడుంగుమని శబ్దమైంది. తాబేలు వెళ్ళిపోయింది. జ్యోతి లేవలేదు. చెయ్యి చాపి, అరచేయి తెరిచి, నేల మీద తమ్ముడి ముందు పెట్టింది.

వాడు ఆ చేతిని చాలాసేపు చూశాడు. తెల్లచెవి వచ్చి దాన్ని వాసన చూసి వెళ్ళిపోయింది.

చివరికి ప్రసాదు తన చెయ్యి ఆమె చేతిలో పెట్టాడు. ఒక్క చెయ్యే. రెండో చేత్తో అవ్వ కొంగు పట్టుకునే ఉన్నాడు.

జ్యోతి అలాగే కూర్చుంది. ఎండ మారినా కదల్లేదు.