నినియన్ గాల్‌బ్రెయిత్ వంశకపాలం

అసుర సంధ్య! కేప్ ఫియర్ నదీతీరాన కారుమేఘాలు భీకరంగా గర్జిస్తున్నాయి. తారు పీపాల గిడ్డంగి కప్పు మీద గుడ్లగూబ ఒకటి కర్ణకఠోరంగా అరిచింది...

లోపల, పంది కొవ్వు దీపాల నడుమ... ఒక కపాలం! దాని నేత్రకుహరాల్లోంచి తెల్లటి పురుగులు జలజలా రాలుతున్నాయి. మాంత్రికుడు మర్డో స్కీన్ వాటిని ఏరుకుని, చప్పరిస్తూ మింగుతున్నాడు!

నినియన్ గాల్‌బ్రెయిత్ చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. స్కాట్లాండు నుంచి చిరుగుల చొక్కాతో ఈ కొత్త ఖండపు వలసగడ్డ మీద ఓడ దిగి, తారు, పొగాకు అమ్మి మహాధనికుడైన వర్తకుడతడు. ఇప్పుడు గవర్నరు కొలువులో ఆసనం కావాలి. దానికి ఉన్నత వంశం కావాలి! తన పూర్వీకులు గిరిదుర్గాధిపతులని ఊరంతా చాటుకున్నాడు. ఎవరూ నమ్మలేదు.

"మీ మూలపురుషుడి పుర్రె, దొరా! సముద్రం దాటించి తెప్పించా. మీ ఆవిడ గొంతులోంచి ఆయనే పలుకుతాడు. రేపు పెద్దమనుషుల ముందు కూడా!"

"మరి... ఆమె?"

"ఆమె ఇంక ఉండదు. ఆ ఒంట్లో ఆయనే ఉంటాడు. గొప్ప వంశం ఊరికే వస్తుందా?"

నినియన్ తల దించుకున్నాడు. కాదనలేదు.

స్తంభానికి బంధించిన అతడి భార్య గ్రిజెల్ అది చూసింది. "థూ! ఇన్నాళ్లూ నీతోనా నేను కాపురం చేసింది!"

మర్డో ఆమె పెదవులకు కుళ్లిన కొవ్వు పులిమాడు. దుర్గంధం! ఆమె భళ్లున కక్కుకుంది. అతడు వికటాట్టహాసం చేసి, కపాలాన్ని ఆమె శిరస్సుకు ఆనించి మంత్రం పఠించాడు...

ఫెళఫెళార్భాటంగా పిడుగు! గ్రిజెల్ కళ్లు తెల్లబడ్డాయి. ఆమె కంఠంలోంచి ఒక ముసలి గొంతు బొంగురుగా వెలువడింది.

"ఒరే నిన్నీ..."

నినియన్ రక్తం గడ్డకట్టింది. ఆ ముద్దుపేరు ఈ ఖండంలో ఒక్కరికే తెలుసు!

"చేపల పేగులు తీసి నిన్ను సాకిన మీ అమ్మని రా, ఎఫీని! నిన్ను చూడాలని ఓడెక్కి వస్తే, పనిమనిషినని చెప్పి వంటింట్లో దాచావు. చచ్చాక పేరైనా చెక్కకుండా పూడ్చావు. ఈ వెధవేమో నన్ను తవ్వి తెచ్చి, ప్రభువునంటున్నాడు!"

మర్డో ముఖం పాలిపోయింది. పేరు లేని గొయ్యి కదా, అడిగేవాడుండడనుకుని తవ్వాడు! "నోర్ముయ్ ముసలిదానా! నేను చెప్పిందే పలుకు! లేదా భస్మం చేస్తా!"

"నా కోడలి ప్రాణం తీసి నన్ను నిలబెడతావా? నువ్వు మింగినవి నన్ను తిన్న పురుగులు రా... నా మాటే వింటాయి!"

మర్డో పొట్ట అలలు అలలుగా కదిలింది. హృదయవిదారకమైన కేక! ముక్కులోంచి, చెవుల్లోంచి, గోళ్ల సందుల్లోంచి పురుగులు ఉబికాయి. చూస్తుండగానే ఆ మాంత్రికుడు ఖాళీ తోలుసంచిలా కుప్పకూలాడు!

ముసలి గొంతు గ్రిజెల్‌ను విడిచింది; ఆమె కళ్లు మామూలయ్యాయి, కట్లు వాటంతటవే ఊడిపోయాయి. ఆమె వానలోకి వెళ్లి నోరు పుక్కిలించింది. తిరిగి వచ్చి, కపాలానికంటిన కొవ్వును గౌను అంచుతో తుడిచింది.

"ఇంటికి పోదాం పద... ఈ సంగతి ఎవరితోనూ అనకు," అంటూ నినియన్ భుజం మీద చెయ్యి వేయబోయాడు.

"ముట్టుకోకు! ఆ కుళ్లు నోట్లో పడ్డప్పుడు కూడా నాకింత రోత పుట్టలేదు." ఆమె కపాలాన్ని గుండెలకు హత్తుకుంది. "అత్తయ్య పుట్టింటి పేరేమిటి? సమాధి రాయి మీద అదీ చెక్కించాలి."

నినియన్ నోరు తెరిచాడు...

అతడికి గుర్తు రాలేదు!