పంతొమ్మిది మోడల్ బండి

బండి లేదు. బండిలోని సామానంతా ఉంది.

సి.ఐ. రామ్‌దాస్ వరండా ముందు నిలబడి ఆ సామాను చూస్తున్నాడు. గురువారం మధ్యాహ్నం పన్నెండున్నర. బోధన్‌లో శక్కర్‌నగర్. పైపుల దుకాణం నడిపే శేఖర్ ఇల్లు. గంట కింద ఇక్కడ ఒక సారంగ కారు నిలిచి ఉంది. ఇప్పుడు టైర్ల గుర్తులే మిగిలాయి.

వరండా గద్దె మీద పసుపురంగు చిన్న చెప్పుల జత. నీళ్ల సీసా. శేఖర్ చలువ కళ్లద్దాలు. ఆస్పత్రి ఫైలు, గాలికి ఎగరకుండా దాని మీద ఒక రాయి. సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్, చీమలు పట్టకుండా మూతి మడిచి రబ్బరు బ్యాండు వేసి ఉంది.

డాష్‌బోర్డు మీది ఆంజనేయుడి బొమ్మ మాత్రం గద్దె మీద లేదు. ఎవరి కాలూ తగలని చోట, కిటికీ గూట్లో ఉంది. ఇస్త్రీ చేసిన తెల్లని చేతిరుమాలులో చుట్టి.

హెడ్ కానిస్టేబుల్ పోశన్న నోరు తెరిచి చూశాడు. "ముప్పై ఏండ్ల సర్వీసుల గిసొంటి దొంగను సూడలే సార్. మా అల్లునికంటె మర్యాదస్తుడు."

రామ్‌దాస్ నవ్వలేదు. "చివరిసారి ఎప్పుడు చూశావమ్మా?"

శేఖర్ భార్య రోజా చెంగుతో ముఖం తుడుచుకుంది. "పదకొండున్నరకు పాపను బడి నుంచి తేవడానికి పోయిన సార్. అప్పుడుండె. తిరిగొచ్చేటాల్లకు లేదు."

"తాళం?"

"ఇంట్లనే ఉంది."

"అద్దం పగలలేదు. పగిలితే పెంకులుండేవి. రెండో తాళం ఎవరి దగ్గర?"

ఈసారి శేఖర్ చెప్పాడు. "మాకు ఒక్కటే ఇచ్చిండ్రు సార్. దసరాకు నిజామాబాద్‌ల కొన్న, రంజిత్ అన్న పాత బండ్ల యార్డుల. రెండోది పాతోళ్ల దగ్గరే పోయిందన్నడు."

"ఎవరి మీదన్నా అనుమానమా?"

"బ్రోకర్లుంటరు సార్, వారానికొకడు. సోమవారం ఒక ముసలాయన వచ్చిండు. బండి సుట్టూ తిరిగిండు. ఇది పద్దెనిమిది మోడల్ బేటా, పానానికి మంచిది కాదు, దీన్ల తిరగకుర్రి అన్నడు. నాకు తెల్వదా వీళ్ల కథ? గిట్లనే భయపెట్టి సగం ధరకు గుంజుతరు. ఇది పంతొమ్మిది మోడల్, నీ తొవ్వ నువ్వు వట్టు అన్న."

"పోయిండా?"

"పోయిండు. మంచినీళ్లు అడిగితే పాప ఇచ్చింది. తాగి పోయిండు."

శేఖర్ గొంతు తగ్గింది. "ఎల్లుండి హైదరాబాద్‌ల పాపకు చెవి ఆపరేషన్ సార్. కుట్లేసిన పిల్లను బస్సుల ఎట్ల తేవాలె? గందుకే కదా కొన్నది."

గుమ్మంలో ఐదేళ్ల పిల్ల నిలబడి ఉంది. ఎడమ చెవిలో దూది. పేరు వినీత. తనకు సరిగా వినిపించదు కాబట్టి అందరికీ వినిపించేలా మాట్లాడుతుంది.

"నా మెత్త గూడ పోయింది."

"ఏం మెత్త బిడ్డా?" రామ్‌దాస్ వంగాడు.

"బెల్టు మీదది సార్," అంది రోజా. "ఆకుపచ్చ గుడ్డ తొడుగు. మెడకు గీరుకపోకుండ ఎవరో కుట్టిండ్రు. బండితోని వచ్చింది. దాన్ని చెంపకు పెట్టుకొని పంటది ఇది. గదేం పెద్ద సంగతి కాదు, రాయకుర్రి."

"కొత్తది కొనిద్దాం తియ్," అన్నాడు పోశన్న. ఫిర్యాదులో అది రాయలేదు.

నిజామాబాద్ రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు వరుసగా నడుస్తున్నాయి. జీపు వాటి వెనక పడింది. పోశన్న ఫోన్ పెట్టేసి చెప్పాడు.

"రవాణా ఆఫీసుల అడిగిన సార్. మొదటి ఓనరు మరియం బీ అని, కోటగిరామె. సచ్చిపోయి రెండేండ్లయింది. ఆ తొవ్వ బంద్."

"ఊఁ. సారంగ గురించి నీకేమన్నా తెలుసా?"

"తెల్వకేం సార్. మా అల్లుడు ఆర్నెల్ల సంది గదే జపం. పాత సారంగ కొనాలంటే పదిహేడు, పద్దెనిమిది ముట్టొద్దు అంటరు. ఇంజిన్ వేడెక్కితే డీజిల్ పంపు పట్టేస్తది. నడుస్తుండంగనే బండి సచ్చిపోతది. పంతొమ్మిదిల పంపు మార్చిండ్రు. పంతొమ్మిదిల తయారైందైతే కండ్లు మూసుకొని కొనచ్చు."

"శేఖర్‌ది పంతొమ్మిది."

"గదే సార్. దొంగకు గూడ మోడళ్లు తెలుసు."

బోధన్ రోడ్డు మీద రంజిత్ యార్డులో పాతిక కార్లు ఎండలో మెరుస్తున్నాయి. రంజిత్ కుర్చీలు వేయించాడు, చాయ్ చెప్పాడు.

"రెండో తాళం నీ దగ్గరుందా?"

"నా దగ్గరెందుకుంటది సార్? అమ్మిన బండిని నేనే దొంగిలిస్తే యార్డు నడుస్తదా?"

"మరియం బీ ఎట్లా చనిపోయింది?"

"నాకేం తెలుసు సార్. వయసైపోయింటది."

"బండి ఏ మోడల్?"

"పంతొమ్మిది. ఫిబ్రవరి పంతొమ్మిదిల రిజిస్ట్రేషన్."

"తయారైంది?"

రంజిత్ నీళ్ల గ్లాసు అందుకున్నాడు. పూర్తిగా తాగాడు. "ఏదైతేంది సార్. రెండూ ఒకటే."

తిరుగుదారిలో రామ్‌దాస్ ట్రాక్టర్ల వైపే చూస్తున్నాడు. ఒక చెరుకు ట్రాక్టరు నుంచి గడ రోడ్డు మీద పడింది. డ్రైవరు బండి ఆపి, దిగి, దాన్ని తీసి మళ్లీ ట్రాలీలో పెట్టి కదిలాడు. ఎవరిది వాళ్లకు చేర్చాలన్నట్టు.

"పోశన్నా, ఆ పాప ఏం పోయిందంది?"

"మెత్త సార్."

"రేపు పొద్దున కోటగిరి పోదాం. శేఖర్‌ను, రంజిత్‌ను అక్కడికే రమ్మను. పాపను కూడా తీసుకురమ్మను."

కోటగిరిలో మరియం బీ ఇల్లు కాలువ పక్కనే ఉంది. నిజాంసాగర్ నీళ్లు నిండుగా పోతున్నాయి. వాకిలి ఊడ్చి ఉంది. మేకల కొట్టంలో మేకల్లేవు. తెల్లని దుప్పటి కప్పిన కారు ఉంది.

ఇంటాయన గులాంకు అరవై దాటాయి. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. పోలీసులను చూసి లేచి నిలబడ్డాడు.

"నిన్నటి సంది ఎదురుచూస్తున్న సార్. చాయ్ తాగుతరా?"

"తాగుతాం. తాళం ఇవ్వండి."

తాళం జేబులోనే ఉంది. రామ్‌దాస్ కారెక్కాడు. ముందు సీట్ల బెల్టులు, వెనక సీటు బెల్టులు ఒక్కొక్కటే పూర్తిగా లాగి చూశాడు. అద్దాల మూలలు చూశాడు. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ పూర్తిగా పెట్టి, దిగిపోయాడు.

"బండి నడుస్తనే ఉంది సార్," అన్నాడు పోశన్న.

"నడవనీ."

శేఖర్ కుటుంబం ఆటోలో వచ్చింది. ఆ వెనకే రంజిత్. శేఖర్ గులాంను చూడగానే గుర్తుపట్టాడు.

"గీయనే సార్. గీ బ్రోకరే."

"బ్రోకరు కాదు. కూర్చోండి," అన్నాడు రామ్‌దాస్.

ఇంజిన్ సన్నగా మోగుతూనే ఉంది.

"మనమంతా ఏం పోయిందో చూశాం. ఏం తిరిగొచ్చిందో సరిగా చూడలేదు. చెప్పులు, ఫైలు, బిస్కెట్లు, దేవుడి బొమ్మ. బండిలో మీవి ఎన్నున్నాయో అన్నీ వచ్చాయి. రానిది ఒక్కటే. పాప చెప్పింది, మనం రాసుకోలేదు. బెల్టు మీది మెత్త గుడ్డ. అది బండితోపాటు వచ్చింది. అంటే మీది కాదు. ఎవరివి వాళ్లకిచ్చిన మనిషి తనది తాను తీసుకున్నాడు."

పోశన్న తల గోక్కున్నాడు. "ఓనరమ్మ సచ్చిపోయిందని తొవ్వ బంద్ అన్న గద సార్ నేను."

"ఆమె చనిపోయింది. ఆమె భర్త ఉన్నాడు. రెండో తాళం ఆయన దగ్గరే ఉంది. గులాం సాబ్, ఆ గుడ్డ ఎవరు కుట్టారు?"

గులాం చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది.

"మరియం. తన పాత ఓణీ కత్తిరించి కుట్టింది. బెల్టు మెడకు గీరుతదని రోజు లొల్లి." ఆయన కాలువ వైపు చూశాడు. "హైదరాబాద్ రోడ్డు మీద ఇందల్వాయి దాటినం సార్. నడుస్తున్న బండి సచ్చిపోయింది. స్టీరింగు రాయి లెక్కయింది. పక్కకు గుంజుదామంటే వస్తలేదు. ఎనుక లారీ. ఆమె నిద్రపోతుండె. లేవలేదు. గది ఒక్కటి మాత్రం అల్లా చేసిన మేలు."

రోజా పాపను దగ్గరికి లాక్కుంది.

"బండి రంజిత్‌కు ఇచ్చిన. నాకేమీ వద్దు, తుక్కు కింద కొట్టెయ్ బేటా అని చెప్పిన. సరే చాచా అన్నడు. రెండో తాళం ఆమె సంచిల ఉండె. ఆ సంచి తెరవడానికి నాకు ఏడాది పట్టింది. మొన్న బోధన్‌ల ఆ బండే తిరుగుతుంటె సూసిన."

"రంజిత్?"

"ఎనుక భాగం కొత్తదేసిన సార్. మంచిగ నడుస్తుంటే తుక్కెందుకని..." రంజిత్ గొంతు సవరించుకున్నాడు. "అయినా అది పద్దెనిమిది మోడళ్ల లొల్లి. ఇది పంతొమ్మిది."

"పంతొమ్మిదిలో రిజిస్టరైంది. వెనక సీటు బెల్టు చివర, కింద బిగించే చోట ఒక చీటీ కుట్టి ఉంటుంది. ఎప్పుడు తయారైందో దాని మీద ఉంటుంది. అన్ని బెల్టులూ చూశాను. అన్నీ పద్దెనిమిది. నువ్వు మార్చిన వెనకద్దం తప్ప మిగతా అద్దాలూ పద్దెనిమిదే."

"కంపెనీల మిగిలిపోయిందని తగ్గించి ఇచ్చిండ్రు సార్," అన్నాడు గులాం మెల్లగా. "కొత్త సంవత్సరంల రిజిస్ట్రేషన్ చేస్తే పంతొమ్మిది మోడల్ అయితదన్నరు. మరియం సంబురపడ్డది."

"పంపు మారుస్తే అయిపోతది సార్. చిన్న పని," అన్నాడు రంజిత్.

"మార్పించావా?"



అప్పుడే కొట్టంలో చప్పుడు ఆగింది.

ఎవరూ తాళం ముట్టుకోలేదు. ఇంజిన్ ఒకసారి వణికి, దానంతటదే చల్లబడ్డ పొయ్యిలా ఊరుకుంది. ఏసీ గాలి ఆగిపోయింది. అంతసేపూ వినిపించని కాలువ నీళ్ల శబ్దం వాకిట్లోకి వచ్చింది.

"శేఖర్," అన్నాడు రామ్‌దాస్. "ఎక్కి స్టీరింగు తిప్పి చూడు."

శేఖర్ ఎక్కాడు. ఒక చేత్తో తిప్పబోయాడు. తర్వాత రెండు చేతులతో. నరాలు ఉబ్బాయి కానీ చక్రం జానెడు కూడా కదల్లేదు. అతను చేతులు దించి అట్లాగే కూర్చున్నాడు. అద్దంలో వెనక సీటు కనిపిస్తోంది. పాప రోజూ కూర్చునే చోటు.

దిగాక నేరుగా గులాం దగ్గరికి వచ్చాడు. "గిది చెప్పచ్చు గద చాచా. మీ ఇంటామె సంగతి ఒక్క మాట చెప్తే..."

"చెప్దామనే వచ్చిన బేటా. మోడల్ దగ్గరే తొవ్వ పట్టుమంటివి." గులాం గొంతులో నిష్ఠూరం లేదు. "మరియం మాట గేటు బయట నిలబడి చెప్పేటందుకు నాకు నోరు రాలే. తిరిగి పోతుంటే పాప నీళ్లిచ్చింది. శనివారం హైదరాబాద్ పోతం తాతా అన్నది. గదే రోడ్డు. ఇగ నాకు నిద్ర పట్టలే."

రోజా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శేఖర్ సి.ఐ. వైపు తిరిగాడు.

"ఫిర్యాదు వాపస్ తీసుకుంట సార్."

"కేసు రాశాం. చింపడానికి లేదు," అన్నాడు రామ్‌దాస్. "కానీ దొంగతనానికి దురుద్దేశం ఉండాలి. వెతికాను, బిస్కెట్ ప్యాకెట్‌కు రబ్బరు బ్యాండు దొరికింది. కోర్టుకు అదే రాస్తాను. ఇంకో కేసు మాత్రం ఇప్పుడు రాయాలి. రంజిత్, జీపెక్కు."

రంజిత్ లేచాడు. వాకిలి దాటేటప్పుడు ఒక్కసారి ఆగి "చాచా" అన్నాడు. గులాం తలెత్తలేదు.

రేపు బస్సులోనే పోవాలని శేఖర్, రోజా మెల్లగా అనుకుంటున్నారు. పాప తల్లి చెయ్యి విడిపించుకుని గులాం ముందు నిలబడింది.

"తాతా, నా మెత్త ఏది?"

"వినీతా, అడుగకు," అంది రోజా.

గులాం జేబులోంచి ఆకుపచ్చ గుడ్డ తీశాడు. అరచేతిలో పెట్టుకుని ఒకసారి నిమిరాడు. ఇద్దామన్నట్టు చెయ్యి సాచాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆయన లేచి పాప కుడివైపుకు వచ్చి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఏ చెవి వినిపిస్తుందో సోమవారం గేటు దగ్గరే చూసి పెట్టుకున్నట్టున్నాడు.

"ఇది నీదే బిడ్డా. నా దగ్గరుంటది అంతే. మీ బాపు ఇంకో బండి కొంటడు. కొనే ముంగల బెల్టు చివర సంవత్సరం సూడమను. సూసినంక నాకు చెప్పు. నేనే వచ్చి తొడుగుత."

"ఏ సంవత్సరం ఉండాలె తాతా?"

గులాం గుడ్డ అంచు సరిచేశాడు.

"పదిహేడు, పద్దెనిమిది వద్దు. పంతొమ్మిది సంది ఏదైనా సరే."

గుడ్డను నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పాప నమ్మకం లేనట్టు చెయ్యి చాచి ఆ జేబు మీద పెట్టి నొక్కి చూసింది.

ఉంది. మెత్తగానే ఉంది.