కట్టు కింద నల్లాలం

ఏడింటికల్లా కంపెనీ క్యాబ్ మచ్చ బొల్లారం మలుపు దగ్గరికి వస్తుంది. వినోద టిఫిన్ డబ్బా మూత బిగించి, తండ్రికి మాత్ర ఇద్దామని ముందు గదిలోకి వెళ్లింది. సిద్దిరాములుకు హెర్నియా ఆపరేషన్ జరిగి ఆరు రోజులైంది. దుప్పటి పక్కకు జరపగానే కుళ్లు వాసన గుప్పుమంది. ఒళ్లు పెనంలా కాలుతోంది.

ప్లాస్టర్ మెల్లగా లేపి చూసింది. కుట్ల మీద నూరిన ఆకు ముద్ద ఉంది. దాని కింద చర్మం ఎర్రగా వాచి, రెండు కుట్ల మధ్య నుంచి చీము కారుతోంది.

"అమ్మా, గిటు రా."

ఆ గొంతు విని సుక్కమ్మ పొయ్యి ఆర్పేసి వచ్చింది.

"ఏంది గిది?"

"నల్లాలం ఆకు బిడ్డా. నిన్న జర నీరు కారుతుండె. నూరి కట్టిన."

వినోదకు కోపం నషాళానికి అంటింది. తుర్కపల్లిలో ఆమె పనిచేసే ల్యాబ్‌లో రోజంతా చేసేది ఒకటే, గాయాలను కుళ్లబెట్టే బ్యాక్టీరియా మీద మందులు పరీక్షించడం. అలాంటి మనిషి ఇంట్లోనే ఈ పని జరిగిందంటే ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"కట్టు ఇప్పొద్దని డాక్టర్ అన్నడా లేదా? చదువు రాకపోతే పాయె, చెవులన్న ఉండాలె గదా. నీ గూడెం బుద్ధి ఎన్నడు పోతది? బాపును సంపుదామనుకున్నవా?"

సుక్కమ్మ ముఖం నల్లబడింది. ఏటూరునాగారం పక్క కోయగూడెం నుంచి మొగుడితో కూలికి వచ్చి ముప్పై ఏళ్లయింది. ఎక్కడెక్కడి మేస్త్రీలో ఆ మాట అన్నారు, పడింది. కడుపున పుట్టినదాని నోట వినడం ఇదే మొదలు.

"చిన్నప్పుడు రేకు కోసుకొని నీ కాలు చీరుకపోతే గిదే ఆకు పెట్టిన. మానలేదా?"

"అది పైపైన తెగింది. గిది కడుపు కోసి కుట్టిన గాయం. రాయి మీద నూరిన ఆకుల మన్నుంటది, పురుగులుంటయి. గా మాత్రం తెల్వదా?"

"తెల్వదు. నువ్వు జెప్పినవా?" సుక్కమ్మ గొంతు లేచింది. "పోయిన నెల నువ్వే గదా నవ్వుకుంట వచ్చినవ్. అమ్మా, నీ నల్లాలం మా గాజు ప్లేట్ల పురుగులను సంపేసింది, మా సారు పరేషాన్ అయిండు అని ఫోన్ల ఫోటో సూపిచ్చినవ్. మీది వేరు, నేను నూరేది వేరు అని ఒక్క మాట అన్నవా?"

వినోద అనలేదు. ల్యాబ్‌లో వేసింది పచ్చి ఆకు కాదు, దాని నుంచి తీసి, వడగట్టి, సూక్ష్మజీవులు లేకుండా చేసిన సారం. అది కూడా గాజు ప్లేట్ మీదే గానీ మనిషి ఒంటి మీద కాదు. ఆ రోజు తల్లి మురిసిపోతుంటే చూడముచ్చటేసి అసలు ముక్క మింగేసింది.

"నీరు కారంగనే నాకు ఫోన్ జెయ్యొద్దా మరి?"

"మూడుసార్లు జేసిన."

చేసింది నిజమే. ల్యాబ్ లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. నిన్న సాయంత్రం క్యాబ్‌లో చూసుకుని, ఎలాగూ ఇంటికే కదా అనుకుంది. వచ్చేసరికి తండ్రి నిద్రపోతున్నాడు. తినేసి పడుకుంది.

"మీ లొల్లి తర్వాత పెట్టుకోండ్రి" అన్నాడు సిద్దిరాములు పళ్లు కొరుకుతూ. "నాకు సలి పెడ్తాంది."

వినోద క్యాబ్ డ్రైవర్‌కు రానని చెప్పి ఆటో పిలిచింది. మేడ్చల్ ఆసుపత్రిలో డాక్టర్ రెండు కుట్లు విప్పి, చీమంతా తీసి, కడిగించాడు. నాలుగు రోజులు ఉంచాలన్నాడు. చేతులు తుడుచుకుంటూ ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

"నీరు కారడం మొదలైనప్పుడే తీసుకురావాలి. ఇంకో రోజు ఆగితే చీము లోపలికి దిగేది, మనిషి దక్కేవాడు కాదు. ఈ ఆకు వైద్యం ఎవరిది?"

సుక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఒదిగిపోయింది. పొద్దున తాను తిట్టినప్పుడు ఎదురు తిరిగిన మనిషేనా అనిపించింది వినోదకు. అవే తిట్లు ఇక్కడ పరాయివాడి నోట రావడానికి సిద్ధంగా ఉన్నాయి.

"నేను జెప్పిందే సార్. నా మాట నమ్మి పెట్టింది" అంది వినోద.

"మీరేం చేస్తారు?"

"మైక్రోబయాలజీ ల్యాబ్‌ల పని జేస్త."

డాక్టర్ ఒక్క చూపు చూసి వెళ్లిపోయాడు. వినోద సిగ్గుతో చచ్చిపోయింది.

"నా తప్పు నువ్వెందుకు నెత్తికెత్తుకున్నవ్?" అంది సుక్కమ్మ.

"నీది సగమే అమ్మా." అక్కడితో వినోద కళ్ల నీళ్లు ఆగలేదు. "గూడెం అని ఎట్లన్ననో నాకే తెల్వలే."

"గా మాట మల్ల అనకు."

"అనను."

"సగం సగం జెప్పుడు గూడ బంద్ జెయ్యి. తెల్వనిదాన్నని ఇడిసిపెట్టకు, తెలిసెదాక జెప్పు."

వార్డు బయట బల్ల మీద తల్లి పక్కన కూర్చుని వినోద ల్యాబ్‌లో ఆకును ఏం చేస్తారో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. సుక్కమ్మ అర్థం కాని చోటల్లా ఆపింది, కూతురు విసుక్కోకుండా మళ్లీ చెప్పింది.