రాజకుమారి చేసిన వంకర బొమ్మ

పిల్లలూ, కడగొండ రాజ్యంలో ఒక ఏడాది కోళ్లు కూడా గొణుక్కుంటూనే కూశాయి. యువరాజు ఏటి వరదలో కొట్టుకుపోయిన నాటి నుంచి అతని అక్క హేమలేఖ నోరు విప్పలేదు. ఆమె దగ్గరికి వెళ్లినవారి గొంతు కూడా మూగబోయేది. మంత్రులు సైగలతో రాజ్యం నడిపారు. సగం ఆజ్ఞలు తలకిందులయ్యాయి.

ఆమెను నవ్వించబోయిన తోలుబొమ్మల సింగప్ప కూడా గొంతు పోగొట్టుకుని ఇల్లు చేరాడు. బొమ్మలాడించేవాడికి గొంతు పోతే ఇంకేం మిగిలింది? అతని కూతురు కోనమ్మకు తల్లి లేదు, తోడబుట్టినవారు లేరు. పలకరిస్తే తండ్రి గోడవైపు తిరిగేవాడు. ఇంట్లో తన గొంతు ఒక్కటే వినబడుతుంటే ఆ పిల్లకు దిగులు ముంచుకొచ్చేది.

అడవి అవతల గుహలోని రాక్షసుడికి విరుగుడు తెలుసని ఊళ్లో అనుకున్నారు. కోనమ్మ తన తండ్రి ఉలిని నడుముకు దోపుకుని బయలుదేరింది.

మూడు రోజులు మనిషి మొహం కనిపించలేదు. నాలుగో రోజు పులి దారికి అడ్డంగా పడుకుని, "నిన్ను తింటాను" అంది.

"ఉండు, ముందు నీ బొమ్మ గీస్తా" అని కోనమ్మ బొగ్గుతో బండ మీద గీసింది.

పులి చాలాసేపు చూసింది. "ఇంతగా చిక్కిపోయానా? నాతో ఎవరూ అనలేదే!" అని కన్నీళ్లు పెట్టుకుని దారి వదిలింది.

గుహ గోడల నిండా చెక్కిన బొమ్మలే. రాక్షసుడు ఒంటరిగా కూర్చుని ఇంకొకటి చెక్కుతున్నాడు.

"నన్ను తినవా తాతా?"

"నా వాళ్లంతా పోయి నాలుగు వందల ఏండ్లాయె పాపా. మొదట్లో దొరికినవాళ్లనల్లా తింటి. కడుపు నిండింది గానీ దిగులు తీరలేదు. పోయినోళ్లను ఒక్కొక్కరినే చెక్కుకుంటే అప్పుడు ఊపిరాడింది. మీ రాజకుమారికీ తమ్ముడి బొమ్మ కావాల."

ఎవరు చెయ్యాలో కోనమ్మ అడగలేదు. బొమ్మలు చేసే ఇంటి పిల్ల కదా, అడగాలని తోచనే లేదు!

ఇల్లు చేరి, కిరీటంతో, ముత్యాల హారంతో చక్కని యువరాజు బొమ్మ చేసి కోటకు పట్టుకెళ్లింది. హేమలేఖ ఒక్కసారి చూసి మొహం తిప్పుకుంది. కోనమ్మ గొంతు బిగుసుకుపోసాగింది. గుహలోని బొమ్మలన్నీ రాక్షసుడు తన చేత్తోనే చెక్కుకున్నాడని అప్పుడు గుర్తొచ్చింది.

"మీరే చెయ్యండమ్మా" అని ఉలినీ, ఆరిన మేకతోలునూ ఆమె ఒడిలో పెట్టింది. అదే ఆఖరి మాట, గొంతు పోయింది.

మూడు రోజులు హేమలేఖ తోలు కోస్తూనే ఉంది. బొమ్మ వంకరగా వచ్చింది. ఒక చెయ్యి మాత్రం కాలికంటే పొడవు. వరదలో ఆమెకు అందకుండా జారిపోయిన చెయ్యి అది. కోనమ్మ దిద్దలేదు, పక్కన కూర్చుంది. చాన్నాళ్లకు తన పక్కన మనిషి ఉన్నట్టు ఆ పిల్లకు అనిపించింది.

బొమ్మకు కళ్లు చివరన తెరవడం సింగప్ప ఇంటి ఆచారం. హేమలేఖ ఉలి ఎత్తింది. కోనమ్మ తోలు కదలకుండా పట్టుకుంది గానీ ఉలి ముట్టుకోలేదు. రెండో కన్ను తెరుచుకోగానే, "తమ్ముడూ, నిన్ను పట్టుకోలేకపోయాను రా!" అని రాజకుమారి ఏడాది ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. కోటంతా, ఊరంతా మాటలు తిరిగొచ్చాయి.

తర్వాత హేమలేఖ రాణి అయింది. దుఃఖంలో ఉన్నవారి కోసం కోటలో ఉలులు, తోళ్లు, రంగులతో ఒక గది తెరిచి కోనమ్మకు అప్పగించింది. పులి కూడా వచ్చేదట, నేను చూడలేదు.

ఇక మాటలు తిరిగొచ్చిన ఆ రోజు సంగతి. కోనమ్మ పరుగున ఇంటి వీధి మలుపు తిరిగేసరికి గుమ్మంలోంచి తండ్రి కేక వినబడింది.

"ఏం పాపా, ఇంతసేపా? సంగటి చల్లారిపాయె గదా!"