ఒక్క మనిషి మోయగల లెన్సు

పొయ్యి మీద చోడి అంబలి ఉడుకుతున్న వాసనకి ఫల్గుణ లేచాడు. లేచాడంటే కళ్ళు తెరిచాడు, అంతే. తల్లి అప్పలనర్సమ్మ కర్ర అందిస్తే పట్టుకుని, వరండాలో కుర్చీ దాకా వచ్చి కూలబడ్డాడు. గాలికొండ వైపు మంచు ఇంకా విడలేదు. అరకు స్టేషన్ దగ్గర గూడ్సుబండి ఒకటి కూత వేసింది. అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి గానీ, అతనికి అవి ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ ఇంటి సంగతుల్లా ఉన్నాయి.

కిందటి వానల్లో అనంతగిరి దిగువన గెడ్డ నీళ్ళు దాటుతూ నాచు పట్టిన రాయి మీద జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. "నడుస్తావు గానీ, ఇంక కొండలెక్కకూడదు" అని డాక్టరు చెబితే, సరేనండీ అన్నాడు. ఆ తర్వాత ఎవరేమన్నా అదే మాట. సరే. నాకేటి. ఏదైనా ఒకటే. ఏడవలేదు, ఎవరి మీదా విసుక్కోలేదు. అది చూసే భార్య స్వర్ణకి భయం వేసింది.

అరకులో అతనికి ఒకప్పుడు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. పెళ్ళయి వచ్చిన స్వర్ణ అక్కడే కెమెరా పట్టడం నేర్చుకుంది. మొదట పాస్‌పోర్టు ఫొటోలు, తర్వాత పెళ్ళిళ్ళు, ఆ తర్వాత సంతలూ కొండదారులూ. ఆమె తీసిన బొమ్మలు క్యాలెండర్లకెక్కడం మొదలయ్యాక, ఫల్గుణ స్టూడియో మూసేసి లెన్సుల సంచి భుజాన వేసుకుని ఆమె వెనక నడిచాడు. బరువైన లెన్సులు రెండు, స్టాండు, నీళ్ళు, గొడుగు. పెళ్ళాం సంచి మోసే మగాడని హుకుంపేట సంతలో నవ్వినవాళ్ళున్నారు. వాళ్ళతో పాటు అతనూ నవ్వేవాడు.

ఆ ఉదయం వరండాలో బల్ల మీద రెండు కొత్త లెన్సులున్నాయి. విశాఖలో కెమెరాల దుకాణం వరహాలరావు వాడి చూడమని ఇచ్చినవి. ఒకటి నల్లగా, లావుగా, రోకలి ముక్కలా ఉంది. చీకట్లో కూడా బాగా తీస్తుందట. రెండోది పొట్టిది, చెంబు కంటే చిన్నది. దగ్గరవీ దూరానివీ అన్నీ దానితోనే తీయొచ్చట. హైదరాబాదులో పుస్తకాలు వేసే సంస్థ ఒకటి, అరకు నుంచి డొంకరాయి దాకా కొండదారుల మీద బొమ్మల పుస్తకం వేస్తామని స్వర్ణని అడిగింది. జీపులు పోని దారులు. నడిచే తీయాలి.

అప్పలనర్సమ్మ అంబలి గ్లాసు కొడుక్కి ఇస్తూ పొట్టి లెన్సు వైపు చూసింది.

"కోడలు సెప్పింది. ఇదొక్కటుంటే రెండోదక్కర్నేదంట. మోయడానికి ఇంకో మడిసి కూడా అక్కర్నేదు" అంది. అన్నాక గానీ ఏమన్నదో ఆమెకి తెలియలేదు. నాలుక కరుచుకుంది.

"నిజమే కదమ్మా" అన్నాడు ఫల్గుణ.

పెరట్లోంచి స్వర్ణ కడిగిన గిన్నెలతో వచ్చింది. అతని ఎదురుగా నిలబడింది.

"ఏది బావుంది?"

"నీకేది తేలికైతే అది."

"నేనడిగింది బరువు కాదు."

అతను పొట్టి లెన్సుని కెమెరాకి బిగించి, ఇంటి పక్క కాఫీ మొక్కల నీడ వైపు తిప్పి చూశాడు. ముందుకీ వెనక్కీ లాగాడు. దించేసి బల్ల మీద పెట్టాడు.

"దూరానికి లాగితే సీకటైపోతంది. నువ్వేమో మంచులో తీత్తావు, తోటల్లో తీత్తావు. నీకిది పనికిరాదు."

"సెయ్యి ఒణికినా బొమ్మ సెదరదంట దీన్తో."

"నీ సెయ్యి ఒణికితే సరే. ఎదర మడిసి కదిల్తేనో?"

"అయితే ఆ పెద్దది తీసుకోమంటావా? అది మోసుకుని నేనొక్కర్తినీ ఏ కొండెక్కగలను?"

"ఎక్కనేవు."

"ఎల్లొద్దని సెప్పు. లెన్సు మీద పెట్టి సెప్పకు."

"నేనలగన్నానా? ఎల్లు. నాకేటి."

స్వర్ణ గిన్నెలు అరుగు మీద దించింది. ఆమె గొంతు పెద్దది కాలేదు, కానీ గరుకెక్కింది.

"ఆ మాటనకు. పడ్డకాడి నుంచీ అదే మాట. కూరెలగుందంటే ఏదైనా ఒకటే అంటావు. మీ అమ్మకి జొరమొచ్చిందంటే సరే అన్నావు. జొరానికి సరే అనడమేటి?"

"మరేటి సెయ్యమంటావు? గెంతమంటావా? సంచి మోసేవోడు అక్కర్నేని లెన్సు దొరికింది నీకు. సంతోసం."

"ఆ పుస్తకం వోల్లకి రానని మొన్ననే సెప్పీసేను."

గుమ్మంలో నిలబడ్డ అప్పలనర్సమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఫల్గుణ తలెత్తి భార్య మొహంలోకి చూశాడు. అలా చూసి చాలా కాలమైంది.

"మరి ఈటినెందుకు తెచ్చినావు?"

"నువ్వు సేత్తో పట్టుకుంటావని. పట్టుకుని మంచిదనో, దండగనో, ఏదో ఒకటంటావని. కొనడానికి కాదు. వరహాలరావు గార్ని బతిమాలి తెచ్చేను." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "పనికిరాదన్నావు సూడు, ఇన్నాళ్ళకి నీ నోటంట వచ్చిన సొంత మాట అదొక్కటే. అది కూడా నాకు సాలు. ఇంక సాయంత్రం బండికి తిరిగి పంపించీయొచ్చు."

ఆపరేషన్ రోజున నడుం కింద మత్తు ఇచ్చినప్పుడు ఫల్గుణకి తన కాలు తనది కానట్టు అనిపించింది. తర్వాత కాలికి మత్తు దిగింది గానీ మిగతా మనిషికి దిగలేదు. పక్కనే ఇంత మనిషి ఇన్నాళ్ళూ తన మాట కోసం తలుపు కొడుతూ ఉంటే, తను లోపల గడియ పెట్టుకుని కూర్చున్నాడు.

కర్ర పట్టుకుని లేచాడు. కెమెరా మెడలో వేసుకుని ఒక్కో మెట్టూ దిగాడు. స్వర్ణ చెయ్యి అందించబోతే వద్దన్నాడు.

"అమ్మా, సేట పట్టుకుని ఆ నీడలో కూకో" అన్నాడు.

అప్పలనర్సమ్మ కాఫీ మొక్కల పక్కన కూర్చుని చోళ్ళు చెరగసాగింది. అతను స్తంభానికి ఆనుకుని పొట్టి లెన్సుతో తీశాడు, తర్వాత పెద్దదానితో తీశాడు. రెండు బొమ్మల్నీ కెమెరా వెనక అద్దంలో మార్చి మార్చి చూశాడు. స్వర్ణ భుజం మీదుగా తొంగిచూసింది. పెద్దదానితో తీసిందే స్పష్టంగా ఉంది. పొట్టిదానిలో మొహం కాస్త మసక. చేట పట్టిన చెయ్యి కదిలి పొగలా వచ్చింది.

"పనికిరాదన్నావు కదా" అంది స్వర్ణ.

"అన్నాను. నీడలో అంతే వస్తాది. వెలుతురు సాలకపోతే ఎక్కడో అక్కడ కూకో. పొద్దు పైకొచ్చినాక తియ్యి. నిన్నెవరు తరుముతన్నారు?" పొట్టి లెన్సు చూపించాడు. "ఇదే తీసుకో. బొమ్మ కొంచెం తగ్గినా, దీన్తో నువ్వు డొంకరాయి దాకా ఎల్లగలవు. ఆ పెద్దది ఉంటే మొదటి కొండ కాడే కూలబడతావు."

"నువ్వు నేకుండా నేనెలగ..."

"నేనింక కొండెక్కను స్వర్ణా."

ఆ మాట డాక్టరు అన్నాడు, చుట్టాలన్నారు. అతను మాత్రం ఇంతవరకూ అనలేదు. అన్నాక కెమెరా ఆమె చేతికిచ్చి, వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు.

స్వర్ణ కెమెరా తెచ్చి బల్ల మీద పెట్టింది. తర్వాత లోపలికి వెళ్ళి ఫోన్ చేసింది. హైదరాబాదు వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆమె భాష మారిపోతుంది. ఆమె మాటలు బయటికి వినిపించాయి.

"అవునండీ, మళ్ళీ ఆలోచించుకున్నాను. వస్తానండీ... లేదండీ, ఆయన రారు. నేనొక్కదాన్నే."

మెట్టు మీద ఫల్గుణ వంగి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. చూసి అప్పలనర్సమ్మ చేట వదిలేసి గబగబా వచ్చింది.

"ఏటిరా? కాలు నొప్పెడతందా? మాత్ర తెమ్మంటావా?"

"కాలు కాదమ్మా" అన్నాడు.

ఆమె కొడుకు పక్కనే మెట్టు మీద చతికిలబడి, వీపు మీద చెయ్యి వేసి, ఏడవనిచ్చింది.