సైనాన్ అంటే?

ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు బస్తాల చాటున ప్రేమ్‌చంద్ శవం దొరికింది. మెడ కింద సన్నని కత్తిపోటు. నెత్తురు మీద పసుపు దుమ్ము అంటుకుని అప్పుడప్పుడే ఆరుతోంది. దళారి వేషంలో యార్డు మీద నిఘా వేసిన సీక్రెట్ ఏజెంట్ అతను. ప్రాణం పోయేముందు హెడ్‌క్వార్టర్స్‌కు ఎస్సెమ్మెస్ పంపాడు. ఒకే మాట: సైనాన్.

అతని పై ఆఫీసర్ గంగాప్రసాద్ ఏడవలేదు. ఏడ్చే వేషంలో లేడు. సాంగ్లీ నుంచి వచ్చిన పసుపు సేటు వేషం అతనిది. సేటు భార్యగా పక్కన శైలజ.

శైలజది వేల్పూర్. దుబాయ్‌లో ఒక విదేశీ గూఢచారి ముఠాకు పనిచేసి, పోయిన వారమే డిపార్ట్‌మెంట్‌కు లొంగిపోయింది. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, మరోసారి తిరిగి చూడాలనిపించే అందం. "ఆళ్లు నన్ను బతకనియ్యరు సార్. జర కాపాడుండ్రి" అని ఆమె ఏడిస్తే గంగాప్రసాద్ నమ్మాడు.

ముఠా లారీని పట్టించింది కూడా ఆమే. పసుపు బస్తాల అడుగున జిలెటిన్ స్టిక్స్ దొరికాయి. బాంబ్ స్క్వాడ్ వాటిని తీసేసింది.

"లారీని గింత జనంల ఉంచకుండ్రి సార్. పోచంపాడ్ డ్యాం అవతల పోలీస్ క్యాంపున్నది గద, గాడికి తోలియ్యుండ్రి" అంది శైలజ. సబబుగానే తోచింది. కానిస్టేబుల్ భూమేష్ లారీ తీసుకుని బయలుదేరాడు.

అరగంట తర్వాత గంగాప్రసాద్ సెల్ మోగింది. కోడ్ సెక్షన్ నుంచి రూత్.

"సార్, సైనాన్ అంటే గ్రీకు పురాణంల పేరు. మస్తు అరుదు. చేటు చేసేటోడని అర్థం. పిల్లలకు ఎవ్వలు పెట్టుకోరు."

"ఎవడాడు?"

"గూఢచారి సార్. ట్రాయ్ కోట ముందట కావాల్నని శత్రువులకు దొరికిండు. మావోళ్లే నన్ను సంపజూసిన్రని ఏడ్సిండు. ఆళ్లు నమ్మి, చెక్క గుర్రాన్ని ఆళ్లంతల ఆళ్లే కోటలకు గుంజుకపోయిన్రు. దాని కడుపుల సైనికులున్నరు. గీ పేరు కోడ్‌గ ఎవ్వలకు పెడ్తరంటే..."

"లొంగిపోయి లోపలికొచ్చేటోళ్లకు."

ఆ మాట పూర్తిచేసింది గంగాప్రసాదే. లారీని డ్యాం మీదికి పంపింది తనే. పక్కకు చూశాడు. శైలజ లేదు. కాంటా దగ్గర నిలబడి సెల్‌లో నంబర్ నొక్కుతోంది.

"ఫోన్ కింద పడెయ్!"

ఈసారి ఆమె ఏడవలేదు. "ఆలస్యమైంది సార్. డ్యాం మీదికి ఎక్కే ఉంటది."

"ప్రేమ్‌చంద్‌ను?"

"నా పేరు తెల్సుకున్నడు. ఏం జెయ్యాలె?"

పొద్దున గుడికి పోతానంటే ఆమెను ఒంటరిగా పంపిందీ తనే. ఆమె బొటనవేలు ఆఖరి అంకె మీదికి దిగుతుండగా గంగాప్రసాద్ పిస్టల్ పేలింది. శైలజ పసుపు కొమ్ముల రాశి మీద ఒరిగిపోయింది. సెల్ దూరంగా పడింది.

అతను భూమేష్‌కు ఫోన్ కొట్టాడు. "లారీ ఆపి ఉరుకు!"

"సార్, నడి డ్యాం మీదున్న..."

"ఉరుకురా!"

బాంబ్ స్క్వాడ్ మళ్లీ వెతికితే బయటపడ్డాయి: డీజిల్ ట్యాంక్‌లో దొంగ అర, దాన్నిండా ఆర్డీఎక్స్, దానికి వైర్లతో కట్టిన మరో సెల్. అది ఒక్కసారి మోగి ఉంటే గోదావరి ఊళ్లమీద పడేది.

శైలజ దవాఖాన చేరకముందే పోయింది. ప్రేమ్‌చంద్ ఎవరో, ఎందుకు చచ్చాడో బయటికి పొక్కకూడదని పైనుంచి ఆర్డర్. గంగాప్రసాద్ సేటు వేషంలోనే అతని శవం పక్కన జీపెక్కి కూర్చున్నాడు.

గుమిగూడిన వాళ్లలో నీలవ్వ అనే ముసలామె జీపు వైపు చూసి కాండ్రించి ఉమ్మింది.

"ఫోన్ల మాట్లాడిందని పెండ్లాన్ని కాలుస్తరా? గీ సేట్లకు గింత అనుమానమేందమ్మా!"